కుట్టే ముందు పరిచి చూడండి

బొంత కుట్టాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. బీరువా అడుగున అమ్మ చీరలుంటాయి. ఏళ్ల తరబడి పోగైన జాకెట్టు ముక్కలుంటాయి, పిల్లల చిన్ననాటి గౌన్లుంటాయి. కుట్టు మిషనూ ఉంటుంది. ఒక ఆదివారం మూట విప్పి ముక్కలన్నీ మంచం మీద పోస్తారు, కాసేపు అటూ ఇటూ తిప్పి చూస్తారు, మళ్లీ మూట కట్టేస్తారు. ఎందుకని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే మాట: "నాకు రంగులు కలపడం రాదండీ."

ఈ అధ్యాయం ఆ మాట అనేవాళ్ల కోసమే రాస్తున్నాను. చీరలకొట్లో పాతిక చీరలు పరిపించి, వాటిలో ఒకదాన్ని గుమ్మం దాకా పట్టుకెళ్లి, పగటి వెలుతురులో చూసి, "ఈ అంచు ఈ చీరకు నప్పలేదు" అని తేల్చేసే మనిషికి రంగులు తెలియవంటే ఎలా నమ్మను? చీర దగ్గర నిర్ణయం సులువు, ఎందుకంటే అక్కడ రెండో మూడో రంగులు కళ్ల ముందే ఉంటాయి. బొంత దగ్గర పదిహేను రంగుల గురించి, ఇంకా కత్తిరించని గుడ్డల గురించి, కళ్లు మూసుకుని ఊహించాలని చూస్తాం. ఆ లెక్క ఎవరికీ తెగదు. ముక్కలను నేలమీద పరిచి, మార్చి, మళ్లీ చూస్తే తెగుతుంది. నేను చెప్పబోయే పద్ధతి అంతా ఆ పరచడం చుట్టూనే తిరుగుతుంది.

మూట విప్పాక

రంగుల జోలికి వెళ్లేముందు గుడ్డను చేత్తో తడిమి చూడాలి. నూలు పక్కన నూలే ఉండాలి. వాయిలు ముక్క పక్కన పాలిస్టరు ముక్క కుడితే నాలుగు ఉతుకులకు వాయిలు ముడుచుకుంటుంది, పాలిస్టరు అలాగే ఉంటుంది, అతుకు దగ్గర గుడ్డ ఉబ్బుతుంది. పాతచీరను కిటికీకి ఎదురుగా పట్టుకుంటే నేత ఎక్కడ పలచబడిందో తెలిసిపోతుంది. కుచ్చిళ్ల మడతల్లో, కింది అంచు దగ్గర ముందుగా అరుగుతుంది కాబట్టి ఆ భాగం వదిలేయండి. కొత్త జాకెట్టు ముక్కలను ఉతికి ఆరేశాకే కత్తెర పట్టండి.

ముదురు ఎరుపు, నీలం, నలుపు ముక్కల్ని తడిపి తెల్లగుడ్డలో చుట్టి ఒక పూట ఉంచండి. గుడ్డకు రంగంటితే ఇంకోసారి ఉతికి మళ్లీ చూడండి. అప్పటికీ అంటుతుంటే ఆ ముక్క మీకు ఎంత ఇష్టమైనదైనా బొంతలోకి రానివ్వకండి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని మన ఇళ్లలో నమ్మకం ఉంది. దాని మీద భరోసా పెట్టుకోకండి, తెల్లగుడ్డ చెప్పిందే నమ్మండి. మెరూన్ ముక్క మొదటి ఉతుకులోనే పక్కనున్న మీగడ రంగు ముక్కల మీదికి దిగితే ఎన్ని వారాల పని పాడవుతుందో ఆలోచించండి.

ఇక కొలత. ఒకరు పడుకునే మంచానికి 60 అంగుళాల వెడల్పు, 84 అంగుళాల పొడవు అనుకుందాం. కుట్టాక ఒక్కో చదరం 6 అంగుళాలు తేలాలంటే, చుట్టూ పావంగుళం కుట్టుకు వదిలి ఆరున్నర అంగుళాలకు కత్తిరించాలి. అడ్డంగా 10, నిలువుగా 14, మొత్తం 140 చదరాలు. 36 అంగుళాల పన్నా ఉన్న 80 సెంటీమీటర్ల జాకెట్టు ముక్కలో 20 చదరాలు వస్తాయి. అంటే ఏడు ముక్కలు చాలు, మీ దగ్గర అంతకు రెండింతలు ఉండి ఉంటాయి. అయినా తొందరపడి అన్నీ కత్తిరించేయకండి. ప్రతి గుడ్డలోంచి ముందు రెండేసి చదరాలు తీయండి. ఏ గుడ్డ ఎంత కావాలో పరిచి చూశాక ఆ గుడ్డలే చెబుతాయి.

ముదురూ లేతా

ముక్కలను వేరుచేయమంటే అందరం రంగు పేరును బట్టే వేరుచేస్తాం: ఎరుపులన్నీ ఒక కుప్ప, పచ్చలన్నీ ఒక కుప్ప, పసుపులు ఇంకో కుప్ప. ఒక్కసారి పేర్లు మరిచిపోయి మూడే కుప్పలు పెట్టండి: లేత, నడిమి, ముదురు. మీగడ రంగు, గంధం రంగు, లేత నీలం, నిమ్మపండు పసుపు ఒకచోటికి చేరతాయి. నేరేడుపండు రంగు, మెరూన్, నల్లనీలం, సీసా ఆకుపచ్చ ఇంకోచోటికి చేరతాయి. ఈ వేరుచేయడం మొదట వింతగా అనిపిస్తుంది. కానీ బొంత ఆకారం పుట్టేది ఇక్కడే. గదిలోకి అడుగుపెట్టిన మనిషి కన్ను ముందు పట్టుకునేది ముదురూ లేతల మధ్య తేడాను. ఇది ఎరుపా పచ్చా అన్నది ఆ తర్వాతి సంగతి.

ఈ విషయాన్ని అమెరికా పల్లెల్లో కుట్టిన లాగ్ క్యాబిన్ బొంతలంత తేటగా చూపించేవి లేవు. ఆ నమూనాలో ప్రతి చదరం మధ్యా చిన్న గుడ్డముక్క ఉంటుంది, చాలావరకు ఎర్రది. దాని చుట్టూ సన్నటి పీలికలు వరసగా కుడతారు. రెండు పక్కల లేత పీలికలు, మిగిలిన రెండు పక్కల ముదురు పీలికలు. దాంతో ప్రతి చదరమూ మూలనుంచి మూలకు సగం వెలుగు, సగం నీడ అవుతుంది. ఆ పీలికల రంగులేమిటన్నది పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, ఇంట్లో మిగిలిన ఏ గుడ్డైనా సరే. ఇలా కుట్టిన చదరాలను మధ్యనుంచి నాలుగు వైపులకూ తగినట్టు తిప్పుకుంటూ పేర్చితే ఒకదానిలో ఒకటి ఒదిగిన పెద్ద వజ్రాకారాలు వస్తాయి. అవే చదరాలను, పక్కపక్కనున్నవి ఒకదానికొకటి సగం చుట్టు తిరిగి ఉండేలా పేర్చితే నాగటిచాళ్లలాగా ఏటవాలు చారలు వస్తాయి. గుడ్డ మారలేదు, చదరం మారలేదు, ముదురు ఏ పక్కకు తిరిగిందన్నదే మారింది. మీ తొలి బొంతకు ఏ నమూనా ఎంచుకున్నా ఈ సంగతి గుర్తుంచుకోండి. రంగులు ఎంత అందమైనవైనా అన్నీ నడిమి కుప్పలోవే అయితే ఆ బొంతలో ఏ ఆకారమూ నిలబడదు, అంతా కలగలిసిపోతుంది.

ముదురూ లేతా తేల్చడంలో కన్ను మోసపోయే చోట్లున్నాయి. గాఢమైన రంగు ముదురుగా కూడా ఉందని అనుకుంటాం. చామంతిపూల పసుపు కొట్టొచ్చినట్టు కనబడుతుంది కాబట్టి బరువైన రంగని భ్రమపడతాం, నిజానికి అది లేత కుప్పకు దగ్గర. ఎరుపు, ఆకుపచ్చ ఒకదానికొకటి పూర్తిగా వేరని అనుకుంటాం. చాలాసార్లు రెండింటి ముదురుదనం ఒకటే. పక్కపక్కన పెడితే అంచు దగ్గర కళ్లు జిగేలుమంటాయి తప్ప, దూరం నుంచి ఒకదాన్నుంచి ఒకటి విడివడవు.

దీనికి ఫోను సాయపడుతుంది. ముక్కలన్నీ పక్కపక్కన పరిచి ఒకే ఫొటో తీసి, దాన్ని నలుపు తెలుపులోకి మార్చండి. విడివిడిగా తీయకండి, కెమెరా ఒక్కో ఫొటోకు వెలుతురును తనకు తోచినట్టు సరిచేసుకుంటుంది కాబట్టి పోలిక చెడిపోతుంది. ఆ బూడిదరంగు ఫొటోలో మీరు తేడా ఉందనుకున్న చిలకపచ్చ, కనకాంబరం ఒకటైపోవచ్చు. ఫోను చేతిలో లేకపోతే కళ్లు చికిలించి చూడండి. రెప్పలు సగం దించితే రంగు తగ్గి ముదురూ లేతా మిగులుతాయి. ఎప్పుడు చూసినా పగటి వెలుతురులోనే చూడండి. పసుపు బల్బు కింద నల్లనీలానికీ నలుపుకీ తేడా పట్టుకోవడం గొప్ప చేయి తిరిగినవాళ్లకే కష్టం.

నడిమి కుప్పను చూసి కంగారుపడకండి, అన్నిటికంటే అదే పెద్దది అవుతుంది. నడిమి ముక్క ఎటైనా పనిచేస్తుంది. ఇటుక రంగు చదరం మీగడ రంగు మధ్యలో ఉంటే ముదురుది అనిపిస్తుంది, నేరేడుపండు రంగు మధ్యలో ఉంటే లేతది అనిపిస్తుంది. మన 140 చదరాల బొంతకు మొదటి ప్రయత్నంగా 65 లేతవి, 50 నడిమివి, 25 ముదురువి పెట్టి చూడమంటాను. ఈ లెక్క శాసనం కాదు. చలికాలపు బొంత బరువుగా, వెచ్చగా కనిపించాలనుకుంటే ముదురువి రెట్టింపు చేయండి. మూడు కుప్పలూ సమానంగా వాడితే మాత్రం బొంత బిగుసుకుపోయినట్టు ఉంటుంది. ఏదో ఒకటి ఎక్కువ ఉండాలి.

పక్కన ఏముందన్నది

పారిస్‌లో గొబ్లాఁ అనే పేరున్న రాచకాలపు నేతశాల ఉంది. గోడలకు వేలాడదీసే చిత్రవస్త్రాలు అక్కడ నేసేవాళ్లు. 1824లో ఆ శాల రంగుల విభాగానికి మిషెల్ యూజీన్ షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతిగా వచ్చాడు. నేతగాళ్ల నుంచి ఆయన దాకా వచ్చిన ఫిర్యాదుల్లో ఒకటి నల్లదారం గురించి. నీలం, ఊదా వస్త్రాల మడతల్లో నీడ చూపించడానికి వాడుతుంటే ఆ నలుపు వెలవెలబోతోందని. షెవ్రోల్ వేరేచోట అద్దిన నల్లదారాలు తెప్పించి తమవాటితో పోల్చి చూశాడు. అద్దకంలో లోపం లేదు. నలుపు అలా కనిపించడానికి కారణం దాని పక్కనున్న నీలమే. పక్కపక్కనున్న రెండు రంగులు ఒకదాన్ని ఒకటి ఎలా మార్చేస్తాయో ఏళ్లపాటు పరిశీలించి 1839లో పెద్ద గ్రంథం అచ్చువేశాడు. తర్వాతి కాలపు చిత్రకారులు ఆ గ్రంథాన్ని శ్రద్ధగా చదివారు. బొంత కుట్టేవాళ్లకు కూడా అది అంతే అవసరమైన సంగతి.

మీరే ఒకసారి చేసి చూడండి. గంధం రంగు గుడ్డలోంచి రెండంగుళాల ముక్కలు రెండు కత్తిరించండి. ఒకదాన్ని మెరూన్ చదరం మధ్యలో, ఇంకోదాన్ని తెల్లచదరం మధ్యలో పెట్టి రెండడుగులు వెనక్కి రండి. మెరూన్ మీదున్నది వెలుగుతుంది. తెలుపు మీదున్నది మాసినట్టు ఉంటుంది. ఒకే గుడ్డలోంచి తీశారని మీ చేతులకు తెలుసు, కళ్లు ఒప్పుకోవు. జర్మనీ నుంచి అమెరికాకు వలసవెళ్లిన చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్ విద్యార్థులకు రంగులు నేర్పడానికి కుంచె ఇవ్వకుండా రంగుకాగితాల ముక్కలే ఇచ్చేవాడు. ఒకే కాగితాన్ని రెండు వేరువేరు రంగుల్లా కనిపించేట్టు చేయమనేవాడు. ఆ పాఠాలే 1963లో పుస్తకంగా వచ్చాయి. మన చేతిలో ఉన్నవి గుడ్డముక్కలు, అంతే తేడా.

దీన్నుంచి నేను గట్టిగా పట్టుకున్న అలవాటు ఒకటి చెబుతాను. ఏ ముక్కనూ ఒంటరిగా చూసి తీసిపారేయను. "ఇది మరీ డల్‌గా ఉంది" అని పక్కన పెట్టిన గచ్చకాయ రంగు, ఉల్లిపొర రంగు ముక్కలే తరచూ బొంతను నిలబెడతాయి. మిరపపండు ఎరుపు నిజంగా ఎర్రగా కనబడాలంటే దాని పక్కన నెమ్మదైన రంగు ఉండాలి. ఎరుపు పక్కన రామా గ్రీన్, దాని పక్కన మామిడిపండు పసుపు, దాని పక్కన రాణీ రంగు పెడితే అన్నీ ఒకేసారి మాట్లాడతాయి, ఏదీ వినబడదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కొట్టుకు వెళ్లి అందమైనవన్నీ ఏరుకొస్తారు. పాతచీరల మూటలో వెలిసిన ముక్కలు వాటంతటవే ఉంటాయి. అందుకే పాతగుడ్డల బొంత సగం పనిని ముందే చేసిపెట్టి ఉంటుంది.

వెలిసిన గుడ్డల అందం చూడాలంటే అలబామాలో గీస్ బెండ్ అనే చిన్న ఊరి బొంతలు చూడాలి. అలబామా నది మెలిక తిరిగే చోట ఉన్న ఆ ఊరివాళ్లు, ఒకప్పుడు అక్కడి పత్తితోటలో బానిసలుగా పనిచేసినవాళ్ల సంతతి. చిరిగిన పనిబట్టలే అక్కడి ఆడవాళ్లకు దొరికిన గుడ్డ. జీన్స్ ప్యాంటు జేబు ఊడదీస్తే, ఎండా ఉతుకూ తగలని ఆ చోటు ముదురు నీలంగా మిగిలి ఉంటుంది, చుట్టూ ఉన్నదంతా తెల్లబారి ఉంటుంది. ఆ నీలపు జాడను వాళ్లు దాచలేదు, బొంతలో కనబడేలా పెట్టారు. మిసౌరీ పెట్‌వే అనే ఆవిడ 1942లో భర్త పోయాక ఆయన పనిబట్టలతో ఒక బొంత కుట్టింది. దాని ఫొటో చూసినప్పుడల్లా వెలిసిన రంగు ఎంత చెప్పగలదో అనిపిస్తుంది. 2002లో ఆ ఊరి బొంతలు హ్యూస్టన్ మ్యూజియంలో ప్రదర్శనకు వచ్చాయి, 2006లో వాటి బొమ్మలతో అమెరికా తపాలా బిళ్లలు వేసింది.

రంగుల జాబితా తగ్గించండి

ఎన్ని రంగులు వాడాలని అడుగుతారు. మీ ధైర్యం చెప్పినదానికంటే ఒకటి రెండు తగ్గించండి అంటాను.

చీరాలలో, పుట్టపాకలో నేసిన తేలియా రుమాళ్లలో ఉన్నవి మూడు రంగులే: ఎరుపు, నలుపు, తెలుపు. నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలోనూ నానబెట్టి సిద్ధం చేసి, పడుగు పేకలను ముందే ముడులు కట్టి రంగులద్ది నేస్తారు. ఆ మూడు రంగులతోనే ఎన్ని గళ్లు, ఎన్ని ఆకారాలు తీశారో లెక్కలేదు. తెలుపు లేత, నలుపు ముదురు, ఎరుపు నడిమి. మనం పై పేజీల్లో చెప్పుకున్నదంతా ఆ చదరపు గుడ్డలో ఉంది. అమెరికాలో ఆమిష్ అనే మత సమాజపు ఆడవాళ్లు పూలగుడ్డలు వాడకుండా పూర్తిగా సాదా గుడ్డతోనే బొంతలు కుట్టారు. ఒహాయో వైపు వాళ్లు నలుపును ధారాళంగా వాడితే, దాని మధ్యలో మామూలు ఊదా, నీలం కూడా దీపం పెట్టినట్టు వెలిగాయి. మనకు నలుపంటే శుభకార్యాల సంకోచం ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని దగ్గరికి రానివ్వరు. అలాంటప్పుడు నల్లనీలం గానీ చిక్కటి నేరేడుపండు రంగు గానీ అదే పని చేసిపెడుతుంది.

గీస్ బెండ్ దగ్గరికే ఇంకోసారి వెళ్తాను. 1972లో సియర్స్ అనే పెద్ద అంగళ్ల సంస్థ అక్కడి ఆడవాళ్ల సహకార సంఘానికి కార్డురాయ్ దిండుగలీబులు కుట్టే పని ఇచ్చింది. కత్తిరింపుల్లో మిగిలిన పీలికలు ఇళ్లకు చేరాయి. పచ్చ, బంగారు పసుపు, గోధుమ, ఎరుపు, ఇలా గలీబులకు ఏ రంగు వాడితే ఆ రంగే దొరికింది. వాళ్లు ఎంచుకున్న రంగులు కావవి. ఆ కాసిని రంగులతోనే ఆ ఊళ్లో ఒక్కో ఇంటి నుంచీ ఒక్కో తీరు బొంత వచ్చింది. మీ మూటలో నీలం తక్కువుందని కొనడానికి పరుగెత్తే ముందు, ఉన్నవాటితోనే ఒకసారి పరిచి చూడమని నేను పట్టుబట్టేది ఇందుకే.

కొన్ని గుడ్డలు ఏవి కలిపినా కలిసిపోతాయి. సహజరంగులు వాడిన పెడన కలంకారీ అలాంటిది. ఆ గుడ్డను ముందు కరక్కాయ రసంలో ముంచి ఆరబెడతారు. ఎరుపూ నలుపూ ఆ లేత పసుపు ఛాయ మీదే ఎక్కుతాయి. అన్నిటి అడుగునా ఒకే ఛాయ ఉండటంతో పోట్లాట ఉండదు. మీ ముక్కల్లో ఒకటి మరీ తెల్లగా మెరిసి మిగతావాటికి దూరంగా నిలబడితే, దాన్ని చిక్కటి టీ డికాక్షన్‌లో కాసేపు నానబెట్టి ఆరేయండి. తెలుపు మీగడలోకి దిగి మిగతా రంగులతో స్నేహం చేస్తుంది.

రంగులు తగ్గించాక ఒక్క రంగును మాత్రం అల్లరికి వదిలేయండి. బొంతంతా నీలాలు, బూడిదరంగులు, మీగడ అయితే, కనకాంబరం చదరాలు ఓ నాలుగు. అవి వరసలో ఉండకూడదు, మధ్యలో ఒక్కటే ఉండకూడదు. ఒక్కటే ఉంటే పొరపాటున పడిన ముక్క అనిపిస్తుంది. ఒకటి పైన కుడివైపు, ఒకటి ఎడమన నడుము ఎత్తులో, రెండు కింద దగ్గర దగ్గరగా పెడితే కన్ను ఒకదాన్నుంచి ఇంకోదానికి తిరుగుతూ బొంతంతా చూసుకుంటుంది.

పూలు, గళ్లు, అంచులు

సన్నపూల గుడ్డ దూరం నుంచి పూలగుడ్డగా కనబడదు. ఎరుపు మీద తెల్లచుక్కలుంటే ఆరడుగుల అవతలినుంచి అది గులాబీ రంగే. కాబట్టి పూలగుడ్డను ఏ కుప్పలో వేయాలో దూరం నుంచి చూసి తేల్చండి. పెద్దపూల గుడ్డ ఆరంగుళాల చదరంలో ఒక్కోచోట ఒక్కోలా తెగుతుంది. ఒక చదరంలో రేకు, ఇంకోదానిలో ఖాళీ నేల వస్తుంది. అలాంటి గుడ్డ ఒక్కటుంటే బొంతకు ప్రాణం వస్తుంది, మూడుంటే గందరగోళం. నాన్నగారి గళ్లలుంగీ, చారల చొక్కా లాంటివి ఉంటే తప్పక వాడండి. పూల మధ్య గీత కనబడితే కంటికి ఊరట. చారలను ఒక చదరంలో నిలువుగా, పక్కదానిలో అడ్డంగా తిప్పండి. నెమళ్లు, ఏనుగులు ఉన్న గుడ్డ అయితే బొమ్మ తలకిందులు కాకుండా చూసుకోవాలి.

జరీ అంచులను బొంత మధ్యలో పెట్టకండి. మెడకీ బుగ్గకీ గీరుకుంటాయి, మడతపడిన చోట జరీ తెగుతుంది. అంత అందమైన అంచును వదులుకోలేకపోతే కాళ్లవైపు వచ్చే వరసలో వాడండి.

ఇష్టమైన గుడ్డ రంగు అస్సలు నప్పకపోతే ఏం చేయాలన్నది కష్టమైన ప్రశ్న. అక్కయ్య పెళ్లికి మీరు కట్టుకున్న రాణీ రంగు లంగా ఉంది. జ్ఞాపకం ముఖ్యం, కానీ ఆరంగుళాల చదరాలుగా పెడితే మొత్తం బొంతను మింగేస్తుంది. సన్నగా అంగుళమున్నర పీలికలు కోసి ఏ నాలుగు చదరాలకో పక్కపట్టీగా అతకండి. గుడ్డ బొంతలో ఉంటుంది, మిగతావాటికీ చోటుంటుంది.

నేల మీద పరిచాక

ఇక అసలు పని. హాల్లో పాతదుప్పటి పరిచి ఫ్యాను ఆపేయండి. లేకపోతే పెట్టిన చదరాలు పెట్టినట్టే ఎగిరిపోతాయి. పిల్లలు, పిల్లులు తిరిగే ఇల్లయితే గోడే నయం. ఫ్లానెల్ గుడ్డనో పాత ఉన్ని కంబళినో గోడకు బిగుతుగా తగిలిస్తే నూలు చదరాలు గుండుసూది లేకుండానే చాలావరకు దానికి అంటుకుంటాయి. గోడకు పెట్టడంలో ఇంకో లాభముంది. ముక్కలన్నీ కంటికి ఒకే దూరంలో ఉంటాయి. 1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో జొనాథన్ హోల్‌స్టీన్, గెయిల్ వాన్ డర్ హూఫ్ తాము సేకరించిన పాత బొంతలను మంచం మీద పరచకుండా గోడలకు చిత్రాల్లా వేలాడదీశారు. వంటిళ్లలో, పడకగదుల్లో ఏళ్లుగా ఉన్న గుడ్డల్ని జనం అప్పుడు నిలబడి చూశారు. అంతకుముందు అందరూ వాటిని కప్పుకున్నారు, చూడలేదు.

ముందు ముదురు చదరాలు పెట్టండి. అవే ఎముకలు. వాటిని చెదరగొడతారో, ఏటవాలు వరసల్లో పెడతారో, అంచుల చుట్టూ చేర్చి మధ్యలో వెలుగు ఉంచుతారో మీ ఇష్టం. ఆకారం కుదిరాక లేతవి, ఆ తర్వాత నడిమివి నింపండి. అల్లరి రంగును చివర్లో పెట్టండి. ఒకే గుడ్డ రెండు చదరాలు అంచు ఆనుకుంటే ఒకదాన్ని జరపండి. నాలుగు మూలలనూ విడిగా ఒకసారి చూడండి. ఒక మూల మాత్రమే బరువెక్కితే బొంత అటు జారిపోతున్నట్టు ఉంటుంది.

ప్రతి మార్పుకు ముందు ఫొటో తీయండి. "ఇందాకటిదే బాగుంది" అనిపించే క్షణం తప్పకుండా వస్తుంది, ఫొటో లేకపోతే ఇందాకటిది తిరిగి రాదు. కుర్చీ ఎక్కి చూడండి, గుమ్మం బయటినుంచి చూడండి. ఇంట్లోవాళ్లను పిలిచి "బాగుందా?" అని మాత్రం అడగకండి. కోడలు "చాలా బాగుంది అత్తయ్యా" అంటుంది, పిల్లాడు "సూపర్ నానమ్మా" అంటాడు, మీకు తెలిసింది ఏమీ ఉండదు. "లోపలికి రాగానే ముందు ఏ ముక్క కనబడింది?" అని అడగండి. ముగ్గురూ ఒకే ముక్కను చూపిస్తే, అది మీరు చూపించాలనుకున్న ముక్కేనా అని ఆలోచించండి. కాకపోతే దాన్ని తీసి నడిమి ముక్క పెట్టండి.

పరిచినదాన్ని ఒక రాత్రి అలాగే వదిలేయండి. తెల్లవారాక, కిటికీ వెలుతురులో, ఏ ముక్క ఇబ్బంది పెడుతోందో ఇట్టే తెలుస్తుంది. మార్చాల్సినవి రెండో మూడో ఉంటాయి. అవి మార్చాక ఇక ఆపాలి. 140 చదరాలను పేర్చే విధానాలకు అంతులేదు, ఎంతకాలమైనా మారుస్తూ కూర్చోవచ్చు. ముదురూ లేతల ఆకారం దూరం నుంచి తెలుస్తోంది, ఒకే గుడ్డ ఒకచోట పోగుపడలేదు, మూలలు సమంగా ఉన్నాయి. ఈ మూడూ కుదిరితే మీ బొంత సిద్ధమే. ఇంకా ఏదో లోపమనిపిస్తే అది భయమే తప్ప కన్ను చెప్పింది కాదు.

పరిచి చూడకుండానే అద్భుతమైన బొంతలు కుట్టేవాళ్లూ ఉన్నారు. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ మహిళలు పాతచీరను అడుగున పరిచి, ఒక మూలనుంచి మొదలుపెట్టి, ముక్కల అంచులు లోపలికి మడుస్తూ, పైగుడ్డా కిందిగుడ్డా కలిపి పరుగుకుట్టు వేసుకుంటూ చుట్టూ తిరుగుతారు. అలా తిరిగి తిరిగి మధ్యకు చేరతారు. కవందీ అంటారు దాన్ని. ప్రతి మూలా మడతపెట్టిన చిన్న గుడ్డముక్కలతో పువ్వు కుడతారు, అది లేనిదే కవందీ పూర్తయినట్టు కాదు. ఏ ముక్క పక్కన ఏ ముక్క రావాలో వాళ్లు కుడుతూనే నిర్ణయిస్తారు. వాళ్లు కూడా పక్కనున్న రంగును చూసే తర్వాతి ముక్కను తీస్తున్నారని గమనించండి. కొన్ని బొంతలు పరిచి కుట్టాక మీ చేయీ కన్నూ ఒకటైతే, మీరూ ఒక చిన్న ఉయ్యాల బొంతను అలా కుట్టి చూడవచ్చు.

పేర్చడం పూర్తయ్యాక ప్రతి వరసకూ ఎడమవైపు మొదటి చదరానికి అంకె రాసిన కాగితం గుండుసూదితో గుచ్చండి. ఎడమనుంచి కుడికి చదరాలను క్రమంగా ఒకదానిమీద ఒకటి పేర్చి, వరసకో దొంతర చేసి, దారంతో వదులుగా కట్టండి. కుట్టాక అతుకు మడతను ముదురు చదరం వైపు ఇస్త్రీ చేయండి. లేత చదరం కిందికి పోతే ముదురు అంచు పైకి మసకగా కనబడుతుంది.

చివరి నిర్ణయం దారం. బొంత అంతటా వేసే పరుగుకుట్టు కూడా రంగే. తెల్లదారంతో దగ్గరదగ్గరగా కుట్టిన మెరూన్ చదరం, కుట్టని మెరూన్ కంటే కాస్త లేతబడుతుంది. ముదురు దారం మీగడ రంగును మసకబారుస్తుంది. ముక్కల రంగులు అలాగే ఉండాలనుకుంటే నడిమి ముదురుదనం ఉన్న బూడిదరంగో గోధుమరంగో తీసుకోండి. కుట్టు కూడా కనబడాలనుకుంటే మీ అల్లరి రంగు దారమే వాడండి. ఏదైనా సరే, మిగిలిన రెండు చదరాలను పాతచీర ముక్క మీద పెట్టి, అనుకున్న దారంతో నాలుగు వరసలు కుట్టి, గుమ్మం దగ్గరకు తీసుకెళ్లి వెలుతురులో చూశాకే బొంత మీద సూది పెట్టండి.